పాముల పోషణలో ప్లాస్టిక్ డబ్బాలు

పెంపుడు పాములను ఉంచడానికి గాజు తొట్లకు, చెక్క పెట్టెలకు బదులుగా వాడే మూత గల ప్లాస్టిక్ నిలవ డబ్బాలను పాముల పోషకులు టబ్బులని పిలుస్తారు. దుప్పట్లు, బట్టలు, పప్పుధాన్యాలు దాచుకోవడానికి తయారైన ఈ డబ్బాలు పాములకు నివాసాలు కావడం ఇటీవలి పరిణామం. 1990లలో అమెరికాలో బాల్ పైథాన్ అనే చిన్న జాతి ఆఫ్రికా కొండచిలువను రంగురంగుల రకాలుగా పెంచి అమ్మే వృత్తి విస్తరించి, ఒక్కొక్కరి దగ్గర పదుల సంఖ్యలో, వందల సంఖ్యలో పాములు చేరడంతో, తక్కువ ఖర్చులో దొరికి, ఒకదానిపై ఒకటి పేర్చడానికి వీలై, కడగడానికి సులువైన పాత్ర అవసరమైంది. 1992లో బాబ్ క్లార్క్ పుట్టుతెలుపు రకాన్ని, 1997లో పీటర్ కాల్ తెల్లమచ్చల పైబాల్డ్ రకాన్ని పెంపకంలో పుట్టించడం ఆ వృత్తికి గిరాకీ పెంచింది. వృత్తిదారులు తమ వీలుకోసం ఎంచుకున్న డబ్బా క్రమంగా ఒకటి రెండు పాములున్న ఇళ్లలోకి కూడా వచ్చింది.

కర్నూలు జిల్లా పశ్చిమ భాగంలోని ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతంలో ఈ విషయం రెండు సందర్భాల్లో ఎదురవుతుంది. చట్టప్రకారం నమోదైన విదేశీ పామును ఇంట్లో పోషించడం మొదటిది. ఇళ్లలో, పత్తి గిడ్డంగుల్లో, పొలాల్లో కనబడిన స్థానిక పామును పట్టి, అడవిలో వదిలేవరకు కొన్ని గంటలపాటు భద్రంగా ఉంచడం రెండోది. ఈ రెండింటికీ వాడే డబ్బా చూడడానికి ఒకటే అయినా, ఎంపికలో పాటించవలసిన నియమాలు వేరు. అయితే రెండు సందర్భాల్లోనూ ధర చివర అడగవలసిన ప్రశ్న. మూత గట్టిగా నిలుస్తుందా, గాలి ఆడుతుందా, లోపలి వేడి అదుపులో ఉంటుందా అన్నవి ముందు తేల్చుకోవాలి.

చట్టం అనుమతించే పాములు

డబ్బా కొనడానికి ముందే తెలుసుకోవలసినది చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దేశీయ పాములను పట్టడాన్ని, దగ్గర ఉంచుకోవడాన్ని, అమ్మడాన్ని నిషేధిస్తుంది. ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం మాత్రమే కాదు, పట్టడం, ఉచ్చు వేయడం కూడా వేటే. 2022లో చట్టాన్ని సవరించినప్పుడు నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు అత్యధిక రక్షణ గల మొదటి షెడ్యూలులో చేరాయి. ఆ షెడ్యూలులోని జీవి విషయంలో నేరం రుజువైతే మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయలకు తగ్గని జరిమానా ఉంటాయి. పొలంలో దొరికిన జెర్రిపోతు పిల్లను ముచ్చటపడి డబ్బాలో పెంచడం సైతం ఈ నిషేధం కిందికే వస్తుంది.

మెట్టభూములు విస్తారంగా ఉన్న ఈ ప్రాంతంలో రెండు తలల పాము విషయం ప్రత్యేకంగా చెప్పదగినది. తోక మొద్దుగా ఉండి తలలా కనబడే ఈ పాముకు విషం లేదు, రెండో తల అసలే లేదు. వదులు నేలలో, ఎలుకల బొరియల్లో ఉంటూ ఎలుకలను తిని బతికే ఇది రైతుకు మేలు చేసేదే. దీన్ని ఇంట్లో ఉంచుకుంటే ధనం కలిసివస్తుందనీ, ఎంత బరువుంటే అంత ధర పలుకుతుందనీ సాగే ప్రచారం వల్ల దక్షిణ భారతమంతటా దొంగ వ్యాపారం నడుస్తోంది. ఇరుకు డబ్బాల్లో, సంచుల్లో, గాలి సరిగా ఆడని చోట దాచి చేతులు మార్చే క్రమంలో ఈ పాములు నలిగిపోతాయి. అమ్మినవారూ కొన్నవారూ కూడా శిక్షార్హులే.

విదేశీ పాముల సంగతి వేరు. అంతరించే ప్రమాదమున్న జీవజాతుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1973లో కుదిరిన సైటీస్ ఒప్పందంలో భారతదేశం 1976లో చేరింది. ఆ ఒప్పందపు జాబితాల్లోని జాతులను 2022 సవరణ నాలుగో షెడ్యూలుగా దేశీయ చట్టంలోకి తెచ్చింది, ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఆ షెడ్యూలులోని జీవులను ఉంచుకున్నవారు వివరాలు నమోదు చేయించాలని 2024 ఫిబ్రవరి 28న వెలువడిన నియమాలు నిర్దేశిస్తున్నాయి. దరఖాస్తును పరివేష్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్ ద్వారా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి పంపాలి. జీవి పుట్టినా, చనిపోయినా, మరొకరి చేతికి వెళ్లినా తెలియజేయాలి. బాల్ పైథాన్ సైటీస్ రెండో అనుబంధంలో ఉన్నందువల్ల దానికి నమోదు తప్పనిసరి. అమెరికా ఆగ్నేయ ప్రాంతానికి చెందిన కార్న్ స్నేక్ ఆ జాబితాల్లో లేదు. అయినా దిగుమతి నియమాలు దానికీ వర్తిస్తాయి కాబట్టి, సరైన పత్రాలు లేకుండా అమ్మేవారి దగ్గర కొనడం తగదు.

పూర్వపు పాత్రలు

పాములవాళ్లు నాగుపామును వెదురు బుట్టలో చుట్టగా చుట్టి, పైన మూత బిగించి ఊరూరా తిప్పేవారు. బుట్టకు సందులు ఉండడం వల్ల గాలికి లోటు లేకపోయినా, నీటి గిన్నెకు చోటు లేక, వేడికీ చలికీ తేడాగల భాగాలు లేక, కోరలు పీకిన నోటితో ఆ పాములు ఎక్కువకాలం బతికేవి కావు. చట్టం వచ్చాక ఆ జీవనోపాధి నేరమైంది, దాన్నే నమ్ముకున్న కుటుంబాలు దారి మార్చుకోవలసివచ్చింది.

శాస్త్రీయ అవసరానికి తగినట్టు రూపుదిద్దుకున్న దేశీయ పాత్ర మట్టికుండ. 1978లో తమిళనాడులో ఏర్పడిన ఇరుళ పాము పట్టేవారి సహకార సంఘం, చెన్నైకి దక్షిణాన వడనెమ్మేలిలో, విషం తీయడానికి తెచ్చిన పాములను మట్టికుండల్లో ఉంచుతుంది. కుండ అడుగున ఇసుక పోసి, పామును దించి, మూతిని నూలుగుడ్డతో కప్పి తాడుతో బిగిస్తారు. గుడ్డ నుంచి గాలి వెళుతుంది, కుండ గోడ నుంచి చెమ్మ ఆరుతూ లోపల చల్లగా ఉంటుంది, చీకటిగా ఉండడంతో పాము బెదరదు. కొన్ని వారాల్లో నాలుగుసార్లు విషం తీశాక, మళ్లీ అదే పామును పట్టకుండా పొట్టమీది పొలుసుల్లో చిన్న గుర్తు చేసి వదిలేస్తారు. విషనిరోధక మందు తయారీకి కావలసిన విషంలో చాలా భాగం ఈ కుండల దగ్గరి నుంచే వెళుతోంది. చవక, భద్రత, చల్లదనం మూడూ ఒకచోట కలిసిన ఈ కుండ ముందు నేటి ప్లాస్టిక్ డబ్బా చల్లదనంలో వెనకబడే ఉందని ఒప్పుకోవాలి.

పదార్థం, పరిమాణం

నిలవ డబ్బాల అడుగున త్రికోణంలో ఒక అంకె అచ్చు వేసి ఉంటుంది. 5 ఉంటే అది పాలీప్రొపిలీన్, 2 ఉంటే ఎక్కువ సాంద్రత గల పాలిథీన్, 6 ఉంటే పాలీస్టైరీన్. మొదటి రెండూ కొద్దిగా వంగి తట్టుకునే రకాలు. పాలీప్రొపిలీన్ దాదాపు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర గానీ కరగదు కాబట్టి పాములకు అవసరమైన వేడికి అది మెత్తబడదు. పాలీస్టైరీన్ గాజులా స్వచ్ఛంగా కనబడినా పెళుసు. రంధ్రం వేస్తే చీలుతుంది, కింద పడితే పగులుతుంది. ఏ ప్లాస్టిక్ అయినా ఎండలో నెలల తరబడి ఉంటే అతినీలలోహిత కిరణాలకు పెళుసుబారుతుంది. అంగడి బయట ఎండలో వేలాడదీసి అమ్మే డబ్బాను, రంగు వెలిసిన మూతను కొనకపోవడం మేలు. కొత్త డబ్బాను సబ్బునీళ్లతో కడిగి, వాసన పోయేవరకు కొన్ని రోజులు నీడలో ఆరనివ్వాలి.

పరిమాణం విషయంలో పోషకుల మధ్య ఏకాభిప్రాయం లేదు. గుడ్డు నుంచి కొత్తగా వచ్చిన కార్న్ స్నేక్ పిల్ల సుమారు 30 సెంటీమీటర్లు మాత్రమే ఉంటుంది, దానికి 6 లీటర్ల చెప్పుల డబ్బా కొన్ని నెలలు సరిపోతుంది. మరీ పెద్ద బోసి డబ్బాలో వదిలితే చాలా పిల్లలు బెదిరి తిండి మానేస్తాయి. అది డబ్బా పెద్దదవడం వల్లకన్నా, దాక్కునే చాటు లేకపోవడం వల్ల వచ్చే చిక్కు. ఎదిగిన బాల్ పైథాన్, కార్న్ స్నేక్ రెండూ సాధారణంగా 1 నుంచి 1.5 మీటర్ల పొడవుంటాయి. వాటిని 30, 40 లీటర్ల డబ్బాలో ఉంచడం వృత్తిదారుల్లో మామూలైనా, పాము ఒంటిని పూర్తిగా చాచలేని చోటును ఇల్లని అనడం కష్టం. ఇంట్లో ఒక్క పామును పెంచేవారు 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పుకు దగ్గరగా నేల దొరికే పాత్రను వెతుక్కోవాలి. అంత పెద్ద డబ్బా దొరకనప్పుడు ఎదిగిన పాముకు చెక్క పెట్టె చేయించడమే సరైనది.

మూత

డబ్బా నుంచి పాము తప్పించుకోవడం దాదాపు ఎప్పుడూ మూత దగ్గరే జరుగుతుంది. పాముకు చేతులు లేవు గనుక బలం లేదనుకోవడం పొరపాటు. రాత్రివేళ అది ముక్కుతో అంచు పొడవునా తడుముతూ పోయి, ఎక్కడ కొద్దిగా కదిలితే అక్కడ ఆగి, ఎదురు గోడకు ఒంటిని ఆనించి పైకి నెడుతుంది. తల దూరిన సందులో నుంచి ఒళ్లు సన్నబడి జారిపోతుంది. పెన్సిలంత లావున్న పిల్లకు అరసెంటీమీటరు సందు చాలు.

కొనేటప్పుడు అంగట్లోనే చేయదగిన పరీక్ష ఒకటుంది. మూత పెట్టి, కొక్కేలన్నీ బిగించి, పొడవైన వైపు సరిగ్గా మధ్యభాగంలో మూత అంచును కింది నుంచి వేలితో పైకి నెట్టి చూడాలి. చాలా డబ్బాలకు కొక్కేలు పొట్టి వైపులకే ఉంటాయి, పొడవు వైపు మధ్య ఏ పట్టూ ఉండదు. అందువల్ల చూపుకు బిగుతుగా కనబడిన మూత అక్కడ వంగి, చిటికెన వేలు దూరేంత సందు ఇస్తుంది. అలా తెరుచుకునే డబ్బా ఎంత చవకైనా పాముకు పనికిరాదు. నాలుగు వైపులా కొక్కేలున్నవీ, మూత అంచు డబ్బా అంచును బయటి నుంచి కప్పి కిందికి దిగేవీ మంచివి. కొక్కెం ప్లాస్టిక్ కీలు నలిగి తెల్లబడితే త్వరలో విరుగుతుందని అర్థం. అలాంటిదాన్ని ముందే మార్చాలి.

మూతపై ఇటుక పెట్టడం విస్తృతంగా వాడుకలో ఉన్న ఉపాయమే గానీ అది ఆశించిన రక్షణ ఇవ్వదు; బరువు మధ్యలో పడి మూత లోపలికి కుంగినప్పుడు అంచులు పైకి లేచి సందు పెరుగుతుంది. దానికన్నా, డబ్బా చుట్టూ రెండుచోట్ల లాగి బిగించే నైలాను పట్టీలు కట్టడం నమ్మదగిన పద్ధతి. చిన్నపిల్లలున్న ఇంట్లో పట్టీకి చిన్న తాళం వేయడం అవసరం, ఎందుకంటే బయటి నుంచి మూత తెరవకుండా చూడడం కూడా భద్రతలో భాగమే.

పదుల సంఖ్యలో పాములున్నవారు వాడే అరల బీరువాలో డబ్బాలకు మూతలే ఉండవు. సొరుగులా లోపలికి నెట్టినప్పుడు పై అర అడుగుభాగమే మూతగా పనిచేస్తుంది. డబ్బా అంచుకూ పై అరకూ మధ్య రెండు మూడు మిల్లీమీటర్లకు మించి సందు ఉండరాదు. స్థానికంగా వడ్రంగి చేత చేయిస్తే ప్లైవుడ్ అర వానాకాలపు చెమ్మకు ఉబ్బి, వేసవిలో ముడుచుకుని, బరువుకు కుంగి ఈ కొలత తప్పుతుంది. అందువల్ల ఏడాదికి రెండుసార్లయినా సందును కొలిచి చూడాలి. ఒక్క పామున్న ఇంటికి ఈ బీరువా అవసరం లేదు.

గాలి, తేమ

దుకాణంలో కొన్న డబ్బాకు గాలి రంధ్రాలుండవు, వాటిని కొన్నవారే వేసుకోవాలి. ఎలక్ట్రీషియన్లు వాడే సోల్డరింగ్ ఐరన్ వేడి మొనతో పాలీప్రొపిలీన్‌ను పొడిస్తే అంచు చీలకుండా గుండ్రటి రంధ్రం పడుతుంది. వచ్చే పొగ హానికరం కాబట్టి ఆ పని ఆరుబయట, పామును డబ్బాలో పెట్టకముందే చేయాలి. లోపలి నుంచి బయటికి పొడవడం నియమం. అలా చేస్తే కరిగిన గరుకు అంచు బయటి వైపు మిగులుతుంది; లోపలి వైపు మిగిలితే రాత్రంతా గోడలు తడిమే పాము ముక్కు గీరుకుపోయి పుండవుతుంది. రంధ్రం వ్యాసం పాము తల వెడల్పులో సగం మించరాదు, పిల్లలకు మూడు మిల్లీమీటర్లు చాలు. ఒక వైపు కిందికి, ఎదుటి వైపు పైకి రంధ్రాలు వేస్తే వేడిగాలి పైనుంచి వెళుతూ చల్లగాలిని కిందినుంచి లాగుతుంది.

ఎన్ని రంధ్రాలన్నది ఊరి వాతావరణాన్ని బట్టి మారుతుంది. బాల్ పైథాన్‌కు 50, 60 శాతం తేమ కావాలి. వేసవి మధ్యాహ్నాల్లో ఎమ్మిగనూరు గాలిలో అందులో సగం కూడా ఉండదు. తేమ చాలకపోతే కుబుసం ఒక్క తొడుగుగా ఊడక ముక్కలై, కంటిమీద, తోక కొసన అంటుకుని రక్తప్రసారాన్ని ఆపేస్తుంది. మూత వేసిన ప్లాస్టిక్ డబ్బా తేమను నిలపగలగడం ఇక్కడ దాని ప్రధాన ప్రయోజనం. తుంగభద్ర కాలువల కింద వరి పారే ఊళ్లలో, ఆగస్టు, సెప్టెంబరు వానల్లో పరిస్థితి తారుమారవుతుంది. గోడలకు నీటిబొట్లు ఉదయం దాటినా ఆరకుండా ఉంటే పాముకు ఊపిరితిత్తుల జబ్బు, పొట్ట పొలుసుల కుళ్లు రావడానికి అది మొదటి గుర్తు. కాబట్టి ముందు తక్కువ రంధ్రాలతో మొదలుపెట్టి, తేమ కొలిచే మీటరు చూస్తూ పెంచుకుంటూ పోవడం మంచిది. వేసిన రంధ్రాన్ని వేసవిలో టేపుతో బయటి నుంచి మూయవచ్చు. డబ్బా లోపల మాత్రం టేపు వాడరాదు, దాని జిగురుకు అంటుకున్న పాము చర్మం ఊడివస్తుంది.

వేడి: పుస్తకాలు చెప్పేదీ ఇక్కడ జరిగేదీ

పాము తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేని జీవి. ఎండకూ నీడకూ మధ్య జరుగుతూ ఒంటిని సరైన వేడిలో ఉంచుకుంటుంది. అందువల్ల డబ్బాలో ఒక కొస వెచ్చగా, మరో కొస చల్లగా ఉండాలి. బాల్ పైథాన్‌కు వెచ్చని కొస 31 నుంచి 33 డిగ్రీలు, చల్లని కొస 25, 26 డిగ్రీలు. కార్న్ స్నేక్‌కు వెచ్చని కొస 28 నుంచి 30, చల్లని కొస 22 నుంచి 24. అమెరికా, బ్రిటన్ పుస్తకాలు ఈ అధ్యాయంలో వేడి పుట్టించడం గురించే రాస్తాయి: డబ్బా అడుగున మూడోవంతు భాగానికి హీట్ మ్యాట్, అంటే కరెంటుతో మెల్లగా వేడెక్కే పలుచని పరుపు, దానికి థర్మోస్టాట్, అంటే నిర్ణయించిన వేడి రాగానే కరెంటును ఆపే సాధనం.

ఆదోని, ఎమ్మిగనూరు ఇళ్లలో సమస్య ఇందుకు విరుద్ధం. ఏప్రిల్, మే నెలల్లో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలు. సిమెంటు రేకుల కప్పు కింది గది సాయంత్రం దాకా అంతకన్నా ఎక్కువ కాగుతుంది. ఆ వేళ డబ్బాలో వెచ్చని కొస, చల్లని కొస అన్న తేడాయే ఉండదు, పాము పోవడానికి చోటుండదు. కార్న్ స్నేక్ 35 డిగ్రీల్లో గంటల తరబడి ఉంటే ప్రాణాపాయం. బాల్ పైథాన్ కొంచెం ఎక్కువ ఓర్చుకున్నా 38 డిగ్రీలకు అదీ తాళలేదు. కిటికీ ఎండ నేరుగా పడిన మూసిన డబ్బా నిమిషాల్లో పామును చంపుతుంది. పుస్తకంలో ఉందని వేసవిలో హీట్ మ్యాట్ పెట్టేవారు పామును వండుతున్నట్టే. ఈ ప్రాంతంలో మ్యాట్ అవసరం ప్రధానంగా డిసెంబరు, జనవరి రాత్రులకే. అప్పుడైనా థర్మోస్టాట్ లేకుండా వాడరాదు, దాని కొలిచే తీగను డబ్బా బయట మ్యాట్‌కూ అడుగుకూ మధ్య కదలకుండా అంటించాలి. లోపల ఉంచిన తీగను పాము కదిపినా, నీటి గిన్నె ఒలికి తడిపినా కొలత తప్పి మ్యాట్ అదేపనిగా కాగుతుంది.

చల్లబరిచే మార్గాలు ఈ ఊళ్లలో సిద్ధంగానే ఉన్నాయి. మందపు గోడల పాత మిద్దె ఇంట్లో, కర్నూలు జిల్లా ఇళ్లలో విరివిగా పరిచే నాపరాళ్ల నేలపై, గది లోపలి మూల డబ్బా ఉంచితే పై అంతస్తు స్లాబు గదికన్నా ఎన్నో డిగ్రీలు తక్కువగా ఉంటుంది. డబ్బా లోపల చల్లని కొసన చిన్న నాపరాతి పలక ఉంచితే పాము దాని మీద పొట్ట ఆనించి పడుకుంటుంది. గాలి పొడిగా ఉన్న నెలల్లో తడి గోనెపట్టను మూతపై సగం వరకే కప్పి, రంధ్రాలు మూసుకోకుండా చూస్తే, నీరు ఆవిరవుతూ లోపలి వేడిని లాగేస్తుంది. నీళ్ల కూలరు పనిచేసేది కూడా ఈ సూత్రం మీదే, అందుకే వానాకాలపు ఉక్కలో రెండూ పెద్దగా ఉపయోగపడవు. కరెంటు పోయినప్పుడు గుడ్డలో చుట్టిన మంచునీటి సీసాను చల్లని కొసకు బయటి నుంచి ఆనించవచ్చు. ఇవేవీ చేయలేని రేకుల ఇంట్లో, వేసవి మూడు నెలలూ చల్లని గది చూపలేనివారు, విదేశీ పామును తెచ్చుకోకపోవడమే ధర్మం.

లోపలి అమరిక

అడుగున పరచడానికి వార్తాపత్రిక చాలు. కొబ్బరి పీచు పొట్టు తేమను నిలుపుతుంది. దేవదారు కలప పొట్టులోని నూనెల ఘాటు పాముల ఊపిరితిత్తులకు హానికరం. రెండు కొసల్లోనూ ఒక్కొక్క చాటు, పాము మొత్తం మునిగేంత నీటి గిన్నె ఉండాలి. చాటు ఒక్కటే ఉంటే పాము భద్రత కోసం వేడిని, లేదా వేడి కోసం భద్రతను వదులుకోవలసివస్తుంది. ఒక డబ్బాలో ఒక్క పామునే ఉంచాలి. తిండిగా ముందే చంపి గడ్డకట్టించిన ఎలుకలను కరిగించి ఇవ్వడం మేలు, బతికున్న ఎలుక ఇరుకు డబ్బాలో పామునే కొరికి గాయపరుస్తుంది.

డబ్బా పద్ధతిపై విమర్శ

డబ్బాలో పాము తింటోంది, పెరుగుతోంది, గుడ్లు పెడుతోంది కాబట్టి బాగుందనే వాదన చాలాకాలం చెల్లింది. 2019లో క్లిఫర్డ్ వార్విక్, ఆయన సహరచయితలు పశువైద్య పత్రికలో ప్రచురించిన వ్యాసం, పాములు ఒంటిని నిలువునా చాచగలగడం కనీస అవసరమనీ, దాన్ని నిరాకరించడానికి శాస్త్రీయ ఆధారం లేదనీ వాదించింది. 2021లో మ్యూనిక్ పరిశోధకులు బాల్ పైథాన్‌లను అరల బీరువా డబ్బాల్లోనూ, అమరిక గల పెద్ద పెట్టెల్లోనూ ఉంచి వాటి ప్రవర్తనను పోల్చి చూసి, పెద్ద పెట్టెల్లో పాములు ఎక్కడం, ఎండదీపం కింద వేడి కాచుకోవడం వంటి సహజ ప్రవర్తనలు చూపాయనీ, అరల డబ్బాలు ఆ జాతికి తగిన నివాసం కావనీ తేల్చారు. ఈ ఫలితాలను బట్టి చూస్తే, డబ్బాకు న్యాయమైన స్థానం పిల్లలకూ, జబ్బుపడి వేరుగా ఉంచవలసిన పాములకూ, కొత్తగా వచ్చి పురుగులున్నాయో లేదో తేలేవరకు విడిగా ఉంచే పాములకూ మాత్రమే. ఎదిగిన పామును ఇరవై ఏళ్లపాటు అందులో ఉంచడం పోషకుడి సౌకర్యమే గానీ పాము క్షేమం కాదు.

పట్టిన పాముకు తాత్కాలిక డబ్బా

పత్తి, వేరుశనగ, ధాన్యం నిలవ ఉన్నచోట ఎలుకలు, ఎలుకల వెంట పాములు రావడం సహజం. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర అనే నాలుగు విషసర్పాలకే దేశంలో దొరికే విషనిరోధక మందు పనిచేస్తుంది. 2000 నుంచి 2019 వరకు దేశంలో పాముకాటు మరణాలు ఏటా సగటున 58 వేలని 2020లో వెలువడిన ఒక అధ్యయనం అంచనా వేసింది. 2030 నాటికి ఈ మరణాలను సగానికి తగ్గించాలన్న లక్ష్యంతో కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. హైదరాబాదులో 1995లో ఏర్పడిన ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వంటి సంస్థలు ఇళ్లలోకి వచ్చిన పాములను పట్టి, అటవీ శాఖ ద్వారా అడవిలో వదిలే పద్ధతిని తెలుగు ప్రాంతంలో స్థిరపరిచాయి.

శిక్షణ పొందినవారు పామును చేతితో పట్టకుండా, నల్లటి గుడ్డసంచి మూతికి పీవీసీ గొట్టం అమర్చి, చీకటి కలుగు దొరికిందని అది తానే లోపలికి పోయేలా చేస్తారు. ఆ సంచి మూతిని ముడివేసి డబ్బాలో పెడతారు. ఈ డబ్బాకు విశాలమైన నోరు, మరతో తిరిగే మూత, మూతపై సన్నని రంధ్రాలు ఉండాలి. కొక్కేల డబ్బా ప్రయాణపు కుదుపుకు ఊడే ప్రమాదం ఉంది కనుక దీనికి పనికిరాదు. డబ్బాపై పాము పేరు, విషపుదో కాదో, పట్టిన చోటు పెద్ద అక్షరాలతో రాయాలి. మోటారుసైకిలు ట్యాంకుపై, ఎండలో డబ్బా పెట్టి తిప్పడం, జనానికి చూపడం కోసం మూత తీయడం పామునూ మనుషులనూ కూడా ప్రమాదంలో పడేస్తాయి. పాములు తమకు తెలిసిన కొద్దిపాటి పరిధిలోనే కలుగులు, నీరు, తిండి వెతుక్కుంటాయి కాబట్టి, దూరపు అడవికి తీసుకుపోయి వదిలినవి ఎక్కువగా బతకవు. అటవీ అధికారి చెప్పిన దగ్గరి చోటనే, వీలైతే ఆ రోజే వదలడం ఉత్తమం.

విదేశీ పామును పోషించలేక విసిగినవారు దాన్ని తుంగభద్ర కాలువ గట్టునో, గాజులదిన్నె జలాశయం పక్కనో వదిలేయాలనుకోవచ్చు. అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపుడు బర్మీస్ కొండచిలువలు బయటపడి ఎవర్‌గ్లేడ్స్ చిత్తడి నేలల్లో స్థిరపడి, అక్కడి మధ్యస్థ పరిమాణపు క్షీరదాలను దాదాపు తుడిచిపెట్టాయి; దశాబ్దాలుగా పట్టి తీస్తున్నా వాటిని నిర్మూలించలేకపోతున్నారు. పామును ఇక ఉంచుకోలేనివారు బయట వదలకుండా, నమోదు పత్రాలతో అటవీ శాఖ కార్యాలయానికి తెలిపి, వారు సూచించిన చోట అప్పగించాలి.